గుండీల రాజు కోటలో నా ఆదివారాలు

పోయిన అక్టోబరులో, షికాగో దగ్గర మేముండే అరోరా నుంచి పడమటికి కారులో వెళుతూ, మిసిసిపీ నది దాటే ముందు మావారిని హైవే దిగమన్నాను. నేను చదువుకున్న ఊరు చూపిస్తానన్నాను. నిజానికి నాకు చూడాలనిపించింది ఊరు కాదు, ఊరి వెనక గుట్ట మీదున్న కోట. తీరా వెళితే గేటుకి గొలుసు వేసి ఉంది. పైకప్పు బాగుచేసేదాకా సందర్శకులకి ప్రవేశం లేదని బోర్డు.

వెనక సీట్లోంచి మా అమ్మాయి కిటికీకి ముక్కు ఆనించి చూసింది. "అమ్మా, ఇది రియల్ కాసిలా? కింగ్ ఉన్నాడా లోపల?"

"ఉండేవాడు. నేనిక్కడ పనిచేశాను," అన్నాను.

మావారు నా వైపు తిరిగి చూశారు. పెళ్ళయి ఏడేళ్ళయినా ఈ సంగతి ఆయనకి చెప్పలేదని అప్పుడే తెలిసింది నాకు. క్యాంపస్ జాబ్ అంటే లైబ్రరీలో పుస్తకాలు సర్దడం అనుకున్నారట. ఎర్రబడిన చెట్ల మీదుగా ఒక్క బురుజు మాత్రం కనిపిస్తోంది. కారు పక్కకి ఆపించి, తెచ్చుకున్న సాండ్‌విచ్‌లు తింటూ వాళ్ళిద్దరికీ చెప్పాను. అప్పుడు చెప్పిందే ఇక్కడ కొంచెం తీరిగ్గా రాస్తున్నాను.

ఎఫ్-వన్ స్టూడెంట్ వీసా మీద వచ్చినవాళ్ళు యూనివర్సిటీ పరిధిలోనే పని వెతుక్కోవాలి. నేను దిగేసరికి డైనింగ్ హాల్ పనులు, లైబ్రరీ పనులు అన్నీ సీనియర్లకి వెళ్ళిపోయాయి. మిగిలింది ఒక్కటే: ఆదివారాలు కోట చూపించే పని. కోట కట్టినాయన దాన్ని యూనివర్సిటీకి రాసిచ్చి పోయాడు కాబట్టి అది కూడా క్యాంపస్ కిందికే వస్తుంది. ఊరికి దూరం, చలి, పైగా మెట్లు. అమెరికన్ పిల్లలెవరూ ఆదివారం పూట అంత దూరం వెళ్ళడానికి ఇష్టపడేవారు కాదు.

మా అపార్ట్‌మెంట్‌లో నలుగురం అమ్మాయిలం ఉండేవాళ్ళం. నాకు ఉద్యోగం వచ్చిందని చెప్పగానే గుంటూరు అమ్మాయి పకపకా నవ్వింది. "ఏంటే, డేటాబేస్ చదవడానికి వచ్చి దెయ్యాలకి తోడు పడుకుంటావా? సరేలే, రాణీగారూ, ఇవాళ గిన్నెలు తోమే వంతు తమరిదే."

ఆ కోట కట్టినాయన నిజంగా రాజేం కాదు. ఊళ్ళోవాళ్ళు ఆయన్ని గుండీల రాజు అనేవారు. నదిలో దొరికే ఆలిచిప్పల్ని కోసి చొక్కా గుండీలు చేసే కార్ఖానాలు పెట్టి డబ్బు గడించాడు. ఒకనాడు ఎవరో ఆయనకొక పోస్ట్‌కార్డు పంపారు. దాని మీద యూరప్‌లో ఏదో రాజు కొండ మీద కట్టుకున్న కోట బొమ్మ ఉంది. ఈయన జన్మలో సముద్రం దాటలేదు. ఆ కార్డు ఒక్కటి పట్టుకుని తాపీమేస్త్రీల దగ్గరికి పోయి, అచ్చం ఇలాంటిది కావాలన్నాడు. కార్డు మీద కోట వెనక భాగం కనిపించదు. అందుకని మా కోటకి ముందువైపు బురుజులు, వంపులు, రాతి పూలు. వెనకవైపు కిటికీ కూడా లేని ఉట్టి ఇటుక గోడ, దానికి రెండు ఇనప చక్రాలు.

మిగతా మూడు వైపులా కిటికీలన్నీ గుండ్రం. ఒక్కోదానికి నాలుగు అద్దాలు, గుండీకి నాలుగు బెజ్జాల్లాగా. దర్బారు గదిలో సింహాసనం అసలు మంగలి షాపు కుర్చీ. ఎర్ర మఖమల్ తొడిగించి, దాని చుట్టూ మూడు మెట్లు కట్టించాడు. పక్కనున్న పెడలు తొక్కితే పైకి లేస్తుంది. మాట్లాడేవాడి హోదాని బట్టి ఎంత ఎత్తున కూర్చోవాలో నిర్ణయించుకునేవాడట. ఆయన కోటలో ఉన్నంతసేపూ బురుజు మీద జెండా ఎగరాలి.

ఇవన్నీ నాకు నేర్పింది అక్కడి పెద్ద గైడు. డెబ్బై దాటిన మనిషి. ఊరి హైస్కూల్లో చరిత్ర చెప్పి రిటైరై, ఇరవై ఏళ్ళుగా కోటలో చేస్తోంది. పొడుగ్గా, వెదురు కర్రలా ఉండేది. నేను మేడమ్ అంటే ఒప్పుకునేది కాదు, పేరు పెట్టి పిలవమనేది. నాకేమో నోరు వచ్చేది కాదు. చివరికి ఏమీ పిలవకుండా ఎదురుగా వెళ్ళి నిలబడి మాట్లాడటం అలవాటు చేసుకున్నాను.

మొదటి వారం నా టూరు విని ఆవిడ అంది: "నువ్వు పరుగెత్తుతున్నావు. వాళ్ళు మెట్లెక్కుతున్నారు. ఆయాసం తీరేదాకా కథ మొదలుపెట్టకు."

చెప్పాల్సిందంతా నాలుగు పేజీల్లో టైపు చేసి ఉండేది. నేను బస్సులో, వంట చేస్తూ, లాండ్రీ దగ్గర కూర్చుని దాన్ని బట్టీపట్టాను. అందులో అసలైన భాగం రాణి కథ. రాజుగారి భార్యకి ఛాతీ జబ్బు. ఎత్తైన చోట గాలి మంచిదని డాక్టరు చెప్పాడు. ఆమె కోసమే ఈ గుట్ట మీద కోట కట్టించాడు. తీరా నదివైపు గది పూర్తయ్యే ముందే ఆమె కన్నుమూసింది. తర్వాత రాజు రోజంతా ఆ గదిలోనే, ఆ గుండ్రటి కిటికీ దగ్గరే కూర్చునేవాడు. ఇక్కడ నేను గొంతు తగ్గించి, కిటికీ వైపు చెయ్యి చూపించి, ఐదంకెలు లెక్కపెట్టేదాన్ని. ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకునేవారు. జంటలు చేతులు పట్టుకునేవారు. ఆ గదిలో పెళ్ళిళ్ళు కూడా జరిగేవి. మొదటి నెలంతా నేను కూడా ఆ కథని మనసారా నమ్మి చెప్పేదాన్ని. తర్వాత అలవాటైపోయింది.

రెండో సెమిస్టరు చివర, చెట్లు చిగుర్లు వేసే రోజుల్లో, ఒక ఆదివారం మధ్యాహ్నం రెండు వ్యాన్లు వచ్చి ఆగాయి. నేను తలుపు దగ్గర నిలబడి ఇంగ్లీషులో స్వాగతం మొదలుపెట్టబోతుంటే వెనక నుంచి వినిపించింది:

"గుట్ట ఎక్కనీకె గూడ టికెట్టేనా? మంచిగుంది ఈళ్ళ కథ."

తెల్ల జుట్టు, జరీ అంచు నూలు చీర, దాని మీద కొడుకు కోటు, కాళ్ళకి స్పోర్ట్స్ షూ, ఒక పెద్దావిడ. నేను నవ్వు ఆపుకోలేకపోయాను. "అమ్మా, మీరు తెలుగువాళ్ళా?" అన్నాను.

గుంపంతా ఒక్కసారి నా మీదికి తిరిగింది. ఆవిడ కొడుకు ముందుకొచ్చాడు. "అరె, తెలుగమ్మాయి! ఎక్కడమ్మా మీది?"

"ఖమ్మం, అంకుల్. ఇక్కడ మాస్టర్స్ చేస్తున్నా."

"భలే దొరికావు. మేం నిజామాబాద్. ఇప్పుడు షికాగో దగ్గర ఉంటాం. మా అమ్మకి ఇంగ్లీష్ రాదు. తెలుగులో చెప్పేస్తావా టూర్ మొత్తం?"

ఆ పూట వేరే సందర్శకులు లేరు. నేను పెద్ద గైడు వైపు చూశాను. సంగతి అర్థమై ఆవిడ తలూపింది. "చెప్పు. నేను వెనక నడుస్తాను. ఈ కథ వేరే భాషలో ఎలా ఉంటుందో వినాలని ఉంది."

తీరా నోరు తెరిస్తే ఇంగ్లీషు వాక్యమే వచ్చింది. నాలుగు పేజీలూ నా బుర్రలో ఇంగ్లీషులోనే ఉన్నాయి. రాజుని 'కట్టాడు' అనాలా, 'కట్టారు' అనాలా? ఇంగ్లీషులో ఈ చిక్కు లేదు. 'అనగనగా ఒక గుండీల వ్యాపారి' అని మొదలుపెట్టి, 'కట్టాడు' అనే అనేశాను. ఆ ఒక్క మాటతో ఆయన నాకు తెలిసిన మనిషైపోయాడు. మా బంధువుల్లో ఎవరో పిచ్చి పెదనాన్న గురించి చెబుతున్నట్టు ఉంది. పోస్ట్‌కార్డు సంగతికి అందరూ నవ్వారు. వెనక గోడ చూడటానికి ఇద్దరు అంకుల్స్ బయటికి వెళ్ళి చూసి మరీ వచ్చారు.

బురుజు మెట్ల దగ్గర పెద్దావిడ ఆగిపోయింది. మనవరాలికి పదేళ్ళుంటాయేమో, చెయ్యి పట్టుకుని అంది: "నానమ్మా, స్టెప్స్ చాలా ఉంది. నువ్వు ఇక్కడ వెయిట్ చెయ్. నేను ఫోటో తీసి నీకు చూపిస్తా."

"పో బిడ్డా. నేను గీడనే కూసుంట."

పెద్ద గైడు కింద తోడుంటానంది. మేం పైకెక్కి, నది చూసి, రాణి గదిలో నిలబడి, కథ ముగించి దిగేసరికి దర్బారు గదిలో నవ్వులు వినిపించాయి. ఎవరూ తాకకూడదని కట్టిన తాడు తీసి పక్కన పెట్టి ఉంది. పెద్దావిడ సింహాసనం మీద కూర్చుని ఉంది. నా పెద్ద గైడు, ఇరవై ఏళ్ళుగా ఎవరినీ దాని దరిదాపులకి రానివ్వని మనిషి, పెడలు తొక్కుతూ ఆవిడని పైకి లేపుతోంది. ఒకరి భాష ఒకరికి రాదు.

పెద్దావిడ దిగి, నన్ను దగ్గరికి పిలిచింది. "రాజుకు పిల్లలెంతమంది?"

"లేరమ్మా."

"పెండ్లాం?"

చెప్పాను. జబ్బు, డాక్టరు, గది పూర్తి కాకముందే పోవడం. ఆవిడ కళ్ళలో నీళ్ళేం రాలేదు.

"మరి ఒక్కడే గింత ఇంట్ల ఉన్నడా? వంటెవరు చేసెటోళ్ళు?"

నా నాలుగు పేజీల్లో వంట మాట లేదు. పనివాళ్ళు ఉండేవారేమో అన్నాను. ఆవిడ తృప్తిపడలేదు. "వంటిల్లు చూపియ్యి. ఇల్లు చూసుడంటే ముందుగాల గదే గద."

వంటిల్లు తాళం వేసి ఉంటుంది. పెళ్ళిళ్ళ కుర్చీలు దాచే గది అది. నేను ఇంగ్లీషులో చెప్పగానే పెద్ద గైడు కాసేపు నా మొహం చూసి, నడుముకున్న తాళాల గుత్తి తీసింది.

లోపల కుర్చీలు నిలువెత్తు పేర్చి ఉన్నాయి. వాటి వెనక గోడ పొడుగునా పెద్ద ఇనప పొయ్యి, ఆరు రంధ్రాలు, రెండు తలుపులు. పక్కన కూరగాయలు తరిగే మందపాటి చెక్క బల్ల. పెద్దావిడ కుర్చీల మధ్య నుంచి పక్కకి తిరిగి నడిచి పొయ్యి దగ్గరికి వెళ్ళింది. తలుపు తీసి లోపలికి మోచేతి దాకా చెయ్యి పెట్టి, లోపలి గోడని రాసి, వేళ్ళు బయటికి తీసి చూపించింది. దుమ్ము. బూడిద రంగు మెత్తటి దుమ్ము, అంతే. తర్వాత తలెత్తి పైకప్పు చూసింది. బల్ల మీద అరచెయ్యి ఆనించి అటూ ఇటూ నడిపింది.

"మసి లేదు. జిడ్డు లేదు. గీ బల్ల మీద ఒక్క కత్తిగాటు లేదు. బిడ్డా, గీ పొయ్యి ఎన్నడు ముట్టియ్యలె. గీ ఇంట్ల ఎవ్వరు వండలె. నీ రాజు కథ నాకు నమ్మబుద్ధి అయితలేదు."

నేను పెద్ద గైడుకి అనువదించాను. ఆవిడ ఒక మడత కుర్చీ లాగి, విప్పి, కూర్చుంది. తాళాల గుత్తి ఒళ్ళో పెట్టుకుంది. తర్వాత, "ఆవిడ చెప్పింది నిజం," అంది.

పెద్ద గైడు వాళ్ళ పెద్దమ్మ చిన్నప్పుడు ఊళ్ళో ఉన్న రాజుగారి ఇంట్లో పనిచేసిందట. రాణి చనిపోలేదు. జబ్బు కూడా లేదు. కోట పూర్తయ్యాక ఒకసారి వచ్చి చూసి, ఇన్ని మెట్లు తనవల్ల కాదని, గాలికి తలుపులు కొట్టుకుంటున్నాయని, కింద తన ఇల్లు తనకి చాలని చెప్పి వెళ్ళిపోయింది. రాజు బతిమాలాడు. ఆమె రానంది. ఆయన కోట వదలనన్నాడు. గొడవేమీ జరగలేదు. రోజూ పొద్దున ఆయన గుట్టెక్కి, జెండా ఎగరేయించి, మంగలి కుర్చీలో కూర్చునేవాడు. మధ్యాహ్నం భార్య తన చేత్తో వండి బుట్టలో పెట్టిచ్చేది. దాన్ని ఈ పెద్దమ్మ గుట్ట కిందికి తీసుకెళ్ళి, తాడు మీద నడిచే పెట్టెలో ఉంచి గంట కొట్టేది. వెనక గోడకున్న రెండు ఇనప చక్రాలు రాళ్ళు ఎత్తడానికని నేను అందరికీ చెబుతూ వచ్చాను. అవి బుట్ట లాగడానికి. సాయంత్రం జెండా దింపించి, దిగి, ఇంటికి వెళ్ళి భోంచేసి పడుకునేవాడు. కోటలో ఒక్కరోజు కూడా ఎవరూ నిద్రపోలేదు. రాణి ఆయన పోయాక కూడా చాలా ఏళ్ళు బతికింది.

"మరి మనం ఇన్నాళ్ళూ…" అన్నాను నేను.

"చేరిన కొత్తలో ఆఫీసులో చెప్పాను. కరపత్రాలు అచ్చయిపోయాయన్నారు."

ఇదంతా తెలుగులో చెప్పగానే పెద్దావిడ రెండు చేతులూ చరిచి నవ్వింది. కొడుకులు, కోడళ్ళు, మనవరాలు అందరూ నవ్వారు. నవ్వు ఆగాక మాత్రం నా వైపు వేలు చూపించింది. "మరి మంచిగున్న ఆడిమనిషిని సచ్చిపోయిందంటవేంది? తప్పు గాదా?"

"తప్పేనమ్మా," అన్నాను. నిజంగానే సిగ్గేసింది.

"ఏం వండి పంపేదట? అడుగు."

అడిగాను. చిక్కుడు గింజల సూపు, రొట్టె, యాపిల్ పై. శుక్రవారం చేపలు. పెద్దావిడ శ్రద్ధగా విని, "పాపం, రోజు అదే," అంది. ఆ పాపం రాణికో రాజుకో నాకు తెలియలేదు.

వెళ్ళేటప్పుడు వ్యాన్‌లోంచి జిప్‌లాక్ సంచీ నిండా సకినాలు తెప్పించి మా ఇద్దరికీ ఇచ్చింది. నా బుగ్గలు రెండు చేతులతో నిమిరి, "మంచిగ చదువుకో. నిజం చెప్పు," అంది. వ్యాన్లు మలుపు తిరిగాక నేనూ పెద్ద గైడూ మెట్ల మీద కూర్చుని సకినాలు తిన్నాం. పళ్ళు ఊడేలా ఉన్నాయంటూనే ఆవిడ నాలుగు తిన్నది.

ఆ వారం మేమిద్దరం కొత్త పేజీలు రాశాం. ఆవిడ వాళ్ళింట్లో భోజనాల బల్ల దగ్గర కూర్చుని చెబుతుంటే నేను లాప్‌టాప్‌లో టైపు చేశాను. ఆ తర్వాతి ఆదివారం నుంచి టూరు రాణి గదిలో కాక వంటింట్లో ముగిసేది. జనం నవ్వేవారు. కొందరు మొహం ముడుచుకునేవారు. కోటలో పెళ్ళి బుక్ చేసుకున్న ఒకమ్మాయి తల్లి, ఆ కథ విని కదా ఇక్కడ పెట్టుకున్నాం అని ఆఫీసుకి ఫిర్యాదు చేసింది. మమ్మల్ని పిలిపించారు. పాత కథే చెప్పమని ఆఫీసాయన మర్యాదగానే అడిగాడు.

నేను వీసా గురించీ, ఉద్యోగం గురించీ ఆలోచిస్తూ నేల చూస్తున్నాను. పెద్ద గైడు మాత్రం లేచి నిలబడింది. "ఇరవై ఏళ్ళపాటు, బతికున్న మనిషిని రోజుకి మూడుసార్లు చంపాను. ఇక చంపను. మీరు వేరే మనిషిని చూసుకోండి."

వేరే మనిషి ఎక్కడ దొరుకుతుంది? ఆయన నిట్టూర్చి సరేనన్నాడు. ఆ పెళ్ళి కూడా జరిగింది. పెళ్ళికూతురు ముందు రోజు వచ్చి పొయ్యి చూపించమంది. తనకి వంట రాదని, కానీ కాబోయేవాడు బాగా చేస్తాడని చెప్పింది.

ఇంకో ఏడాది అలా గడిచింది. నా చదువు పూర్తయింది. దూరాన దక్షిణాదిలో ఇర్వింగ్ అనే ఊళ్ళో మొదటి ఉద్యోగం వచ్చింది. ఆఖరి ఆదివారం పెద్ద గైడు నన్ను తన పాత కారులో దింపుతానంది. అపార్ట్‌మెంట్ ముందు ఆగాక, లోపలికి రమ్మని మొహమాటంగా పిలిచాను. ఇన్నాళ్ళలో ఎప్పుడూ పిలవలేదు. మా ఇల్లు చూపించదగ్గట్టు ఉండేది కాదు.

ఆవిడ వెంటనే ఇంజను ఆపింది. రెండో అంతస్తు, లిఫ్టు లేదు. నా చెయ్యి పట్టుకోకుండా రెయిలింగ్ పట్టుకుని, ప్రతి మలుపులో ఆగి ఎక్కింది. హాల్లో పరుపులు రెండు, గోడకి ఆనించిన సూట్‌కేసులు, సోఫా లేదు. గుంటూరు అమ్మాయి గాభరాగా పరుపు మీద దుప్పటి సర్దింది. ఆవిడ కూర్చోలేదు. చేతులు వెనక కట్టుకుని, కోటకొచ్చే మంచి సందర్శకురాలిలా, ఒక్కొక్కటీ అడుగుతూ తిరిగింది. ఇది ఎవరి పరుపు? ఈ బొమ్మ ఏ దేవుడు? ఈ ప్రెషర్ కుక్కర్ ఎందుకలా అరుస్తుంది? అద్దం మీద అంటించిన ఎర్ర చుక్కలేమిటి? మేం నలుగురం పోటీలుపడి చెప్పాం. ఒక బొట్టుబిళ్ళ తీసి నుదుటికి పెట్టబోతే తల వంచింది.

ఆ రోజు పప్పు, బెండకాయ వేపుడు. ఆవిడ నేల మీద కూర్చోలేదు కాబట్టి ఉన్న ఒక్క స్టడీ చెయిరూ ఆవిడకిచ్చి, మేం కింద కూర్చున్నాం. చేత్తో తింటానని పట్టుబట్టి, మోచేతిదాకా పులుముకుంది. వెళ్ళే ముందు మాత్రం, ఆ ఎండాకాలంతో తానూ మానేస్తున్నానని, మోకాళ్ళు ఇక మొరాయిస్తున్నాయని చెప్పింది. ఆఫీసులో ఇంకా చెప్పలేదు, నాకే ముందు చెబుతున్నానంది.

ఇర్వింగ్ నుంచి ప్రతి డిసెంబరులో కార్డు పంపేదాన్ని. ఆవిడ జవాబులు కొంచెం కొంచెంగా చిన్నవయ్యాయి. అరోరాకి మారిన ఏడాది వచ్చిన కార్డు వేరే చేతిరాతలో ఉంది. ఆవిడ మేనకోడలు రాసింది. పెద్ద గైడు నిద్రలోనే పోయిందట. నా పేరు, చిరునామా ఆవిడ అడ్రస్ పుస్తకంలో ఉన్నాయట, అందుకని తెలియజేస్తున్నానని. పెద్దావిడ నిజామాబాద్‌లో ఉందో, కొడుకు దగ్గరే ఉందో నాకు తెలియదు. ఆ కుటుంబం పేరు కూడా అడగలేదు ఆ రోజు. గుడిలోనో, మన సరుకులమ్మే పటేల్ షాపులోనో ఎక్కడైనా కనిపిస్తారేమోనని అరోరాకి వచ్చిన కొత్తలో చూసేదాన్ని.

కారులో నేనిదంతా చెప్పేసరికి సాండ్‌విచ్‌లు అయిపోయాయి. మా అమ్మాయి గేటు కడ్డీల మధ్య నుంచి చూస్తానని దిగింది. మావారు కూడా దిగి దాన్ని భుజాల మీద ఎక్కించుకున్నారు. పైకప్పు బాగయ్యాక వచ్చే వేసవిలో మళ్ళీ వద్దామన్నారాయన. ఎప్పుడు తెరుస్తారో కనుక్కోవాలి. గేటు మీదున్న ఫోన్ నంబరు ఫోటో తీసుకున్నాను. చలిగాలి మొదలైంది. పిల్లకి స్వెటర్ వేసి, మళ్ళీ హైవే ఎక్కాం.